సంద్రమునకు వీపు చూపరాదు

ఈ సంవత్సరము జనవరి మాసమున జరిగిన ప్రమాదమును గుఱించి మన పాఠశాలయందు తెలియనివారు లేరు. ప్రాణనష్టము కలుగనందుకు దేవుని స్తుతించితిమి. మఱునాటి ప్రార్థనకూటమున కృతజ్ఞతాకీర్తన పాడితిమి. అటుపిమ్మట పది దినములకు తల్లిదండ్రుల సభ కూడినది. మన విద్యార్థు లెవ్వరును రాళ్ళమీదనుండి గాని యిసుకమీదనుండి గాని గాలము వేయుటకు సముద్రతీరమునకు పోరాదనియు, పోయినట్లు తెలిసినచో పాఠశాలనుండి తొలగింపవలయుననియు ఆ సభలో నొక తీర్మానము ప్రతిపాదింపబడెను. చేతులెత్తినవారిలో ననేకులు నాకు మిత్రులు. నేను చెయ్యి యెత్తలేదు. ఏల యెత్తలేదో ఆ సాయంకాలము చెప్పుటకు వ్యవధి చాలలేదు. ఆ తీర్మానము జూన్ మాసమున మరల చర్చకు రానున్నది గనుక నా యభిప్రాయమును ఈ పత్రికాముఖమున విన్నవించుకొనుచున్నాను.

నా మాట యిది: గాలమును నిషేధింపరాదు, నేర్పవలయును. నేర్పదగిన గురువులు మన తరగతులలోనే వెనుకబల్లలమీద కూర్చుండియున్నారు.

మన విశాఖపట్టణమునకు దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ అను కొండను దాటినచో యారాడ తీరము కలదు. దానికి మూడువైపుల కొండలు, నాలుగవవైపున బంగాళాఖాతము. తీరపు కొసలయందు కొండరాళ్ళు సముద్రములోనికి చొచ్చుకొనిపోయి యున్నవి. తూర్పుకనుమలలో విస్తారముగా కానవచ్చు ఖోండలైటు అను రాయి యెండకును వానకును ఎఱుపెక్కి, అలల తాకిడికి బీటలు వాఱి, మెట్లు మెట్లుగా నిలిచియుండును. సెలవుదినములలో జనులు తీరపు నడుమనే గుమిగూడుదురు. రాళ్ళ చాటున నున్న మూలలకు పోవువారు తక్కువ. బాలురు కోరుకొనునది యట్టి మూలలనే.

అట్టిచోట చేపలు చేరుటకు కారణము కలదు. అల రాతిమీద విఱిగినప్పుడెల్ల చిన్నపీతలును రొయ్యపిల్లలును గుల్లపురుగులును పట్టుదప్పి నీటబడును. వానికొఱకు చేపలు నురుగు చాటున కాచుకొనియుండును. ఇసుకవైపున నైనచో, ఒడ్డునకును నీటిలోని యిసుకదిబ్బకును నడుమ అలలు ఒక పల్లమును త్రవ్వును. పోటువేళ ఆ పల్లములోనికి గొరకలును జెల్లలును మేతకు వచ్చును. రాళ్ళయొద్ద పారయు, వాగు సముద్రమున గలియుచోట పండుగప్పయు దొరకును. తెల్లవాఱుజామునను సంధ్యవేళను చేప చుఱుకుగా ఎఱనందుకొనును. ఒక వెదురుగడ, కొంత నైలాను దారము, ఒక సీసపుగుండు, నాలుగు గాలములు, గుప్పెడు రొయ్యలు: బీదబాలునికిని అందుబాటులోనున్న వేడుక యిది. కావున బాలురు పోవుదురు, పోవలదన్నను పోవుదురు. నిషేధించినచో చెప్పకుండ పోవుదురు. నలుగురితో పోవువాడు ఒంటరిగా పోవును. ఎక్కడికి పోయెనో తల్లికి తెలియదు. నిషేధమునకు నేను భయపడుట కిదియే మొదటి కారణము.

ఇక జరిగిన సంగతి. నేనచట లేను. నలుగురు బాలురను వేర్వేఱుగా నడిగి తెలిసికొన్నదే వ్రాయుచున్నాను. ఆ శనివారమున తొమ్మిదవ తరగతి బాలురు నలుగురు రాళ్ళకు పోయిరి. మువ్వురు పట్టణపు పిల్లలు, ఒకడు జాలరి పిల్లవాడు. ఆకాశము నిర్మలము, గాలి లేదు, సముద్రము చెఱువువలె నుండెనట. ఒక బాలునికి మూరెడు పార దొరకినది. ఆ సంతోషమున వాడు దానిని రెండు చేతుల నెత్తిపట్టుకొని, రాతియంచున నిలిచి, సముద్రమునకు వీపు త్రిప్పి, సెల్‌ఫోనులో ఛాయాపటము తీయుమని స్నేహితు నడిగెను. "ఒరే, సంద్రానికి వీపు సూపకు, ఇవతలికి రా" అని జాలరి పిల్లవాడు రెండుమాఱు లఱచెను. మూడవమా ఱఱచులోపల అల వచ్చినది.

ఆ యల పెద్దది కాదు. మోకాలికి మించలేదని యందఱును చెప్పిరి. అయినను ఒక ఘనమీటరు సముద్రజలము వేయి కిలోగ్రాములకు పైగా తూగును. అది పరుగుతో వచ్చి తగిలినప్పుడు మోకాలి మట్టమే చాలును. బాలుడు జాఱి నీటబడెను. తక్కిన యిద్దఱును దుముకబోయిరి. జాలరి పిల్లవాడు వారి చొక్కాలు పట్టి వెనుకకు లాగి, నీటిలోని వానితో "రాయికాడికి రాకురా, దూరంగా పో, ఎల్లకిలా తేలు" అని కేక వేసెను. తనవెంట తెచ్చిన నూనెడబ్బాకు మూత బిగించి, పాత వలత్రాడు కట్టి విసరెను. మూడు పెద్దయలలు వచ్చి పోవువఱకు ఎవరినిని కదలనీయలేదు. తరువాత త్రాటిని చేతబట్టుకొని రాళ్ళవెంట ఇసుకవైపునకు నడచి, అలల నడిమి యూరటలో లాగి, వానిని ఇసుకమీదికి చేర్చెను. బాలుని మోచేతులు చీరుకొనిపోయినవి. అంతకుమించిన హాని లేదు.

ఇచట నేనొక సంగతి యొప్పుకొనవలయును. కడచిన నవంబరు మాసమున ఆ జాలరి పిల్లవాడు ఉక్తలేఖనమున ముప్పదితప్పులు చేసెను. నేను తరగతి యెదుట వానితో "నీవు వల లాగుటకే పనికివత్తువు" అంటిని. తరగతి నవ్వెను. వాడు తల వంచుకొనెను. రెండు మాసములు తిరుగకుండ, ఆ తరగతివాడే యొకడు వలత్రాటితో లాగబడి తల్లిని చేరుకొనెను. నవ్వినవారిలో వాడును ఒకడు. నేను పలికిన మాటను ఆ త్రాటియెదుట నిలుపుకొని చూచినప్పుడెల్ల నాకు సిగ్గు కలుగుచున్నది. పట్టణపు బడులలో "చేపలవాడు", "పల్లెవాడు" అనునవి తిట్లుగా చెల్లుచున్నవి. ఆ తిట్లను పిల్లలు ఇంటనుండియే తెచ్చిరని నేను చెప్పజాలను. నా నోటినుండియు నేర్చిరి.

మఱుసటి వారమున నేను ఆ బాలుని తాతగారిని చూడబోయితిని. గాలము వేయుటకు ముందు చేయవలసినదేమని యడిగితిని. "ముందు కూకోవాలి బాబూ. కూకుని సంద్రాన్ని సూడాలి" అని ఆయన బదులు చెప్పెను. ఎంతసేపని యడుగగా "సుట్ట కాలినంతసేపు" అనెను. నేను ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసితిని. అలలు సమానముగా రావు, గుంపులుగా వచ్చును. పది నిమిషములు చిన్నయలలే వచ్చి, తరువాత వరుసగా కొన్ని పెద్దయలలు రావచ్చును. ఇచట గాలి లేకున్నను, దూరపు దక్షిణ సముద్రములలో తుపానులు రేపిన యుప్పెన యలలు దినములకొలది ప్రయాణము చేసి మన తీరమును చేరును. కావున వచ్చిన వెంటనే సముద్రమును చూచి శాంతముగా నున్నదని నమ్మినవాడు ఒక పుటను చదివి గ్రంథమంతయు చదివితి ననుకొనువానివంటివాడు. చుట్ట కాలినంతసేపు అనగా సుమారు పావుగంట. ఆ తాతగారి కొలత సరియైనదే.

ఆయన చెప్పిన తక్కిన మాటలును అట్టివే. రాతికి తెల్లని గుల్లలంటియున్న మేరవఱకు పోటునీరు నిత్యము వచ్చును గనుక ఆ గుఱుతునకు దిగువ నిలువరాదు. నల్లగా నిగనిగలాడుచోట పాచి యుండును గనుక అడుగు పెట్టరాదు. పాటువేళ పొడిగానున్న దారి పోటువేళ మునిగిపోవును గనుక, పోవుటకు ముందు తిరిగివచ్చు దారిని చూచుకొనవలయును. మన తీరమున దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. అవి దినదినమునకు సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. అమావాస్యా పౌర్ణమాసులయందు నీటిమట్టపు హెచ్చుతగ్గులు సుమారు ఒకటిన్నర మీటరు వఱకు నుండును. ఇసుక రాళ్ళను కలియు మూలలో అలలు విఱుగక నీరు ప్రశాంతముగా కనబడిన యెడల అచ్చట స్నానమునకు దిగరాదు: ఒడ్డునకు వచ్చిన నీరు మరల సముద్రమునకు పోవు దారి యదియే. అందు చిక్కినవాడు ప్రవాహమున కెదురీదరాదు. తేలుచు ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు పోయి, అలలు విఱుగుచోట తిరిగి రావలయును. ఒడ్డుననున్నవాడు దుముకరాదు, తేలు వస్తువును విసరవలయును. అన్నిటికిని మించి, సంద్రమునకు వీపు చూపరాదు.

ఇందులో భూగోళశాస్త్రమెంత, ప్రకృతిశాస్త్రమెంత కలదో చదువరులే యెంచుకొందురు గాక. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు "తెలిసినదానినుండి తెలియనిదానికి పొమ్ము" అని బోధించిరి. పదునైదు సంవత్సరములుగా నేను నల్లబల్లమీద చంద్రుని వ్రాసి ఆటుపోటులను బోధించుచున్నాను. వానిని దినదినము చూచువాడు వెనుకబల్లమీద నుండగా, ఒక్కనాడైనను వానిని లేపి యడుగలేదు. నేర్చిన సూత్రమును నేనే పాటింపనైతిని.

ఇక ఆక్షేపణలు. "మేము పిల్లలను చదువునకు పంపితిమి గాని చేపలు పట్టుటకు కాదు" అని యొక తండ్రిగారు సభలో ననిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. ఎన్నో కష్టములకోర్చి బిడ్డను బడికి పంపిన జాలరితల్లియు నదియే యనును. అయినను నేను కోరునది బిడ్డలను మరల వలకు కట్టుమని కాదు. వారి పెద్దల విద్యను విద్య యని ఒప్పుకొమ్మని మాత్రమే. క్రైస్తవులమైన మనకు ఇది క్రొత్త మాట కాదు. ప్రభువు మొదట పిలిచినవారిలో నలుగురు గలిలయ సముద్రపు జాలరులు. దేవాలయపు పన్ను కట్టవలసి వచ్చినప్పుడు పేతురును గాలము వేయుమని పంపిన వృత్తాంతము మత్తయి సువార్తలో కలదు. నాలుగు సువార్తలలో గాలమను మాట ఆ యొక్కచోటనే వచ్చును. పునరుత్థానుడైన ప్రభువు శిష్యులకు ఒడ్డున నిప్పులమీద చేపను కాల్చి సిద్ధముచేసిన సంగతి యోహాను వ్రాసెను. ఆదివారమున ఈ జాలరులను పరిశుద్ధులని పొగడి, సోమవారమున ఆ వృత్తిపేరును తిట్టుగా వాడుట మనకు తగునా?

రెండవ ఆక్షేపణ జీవహింసను గుఱించినది. దీనిని నేను తేలికగా త్రోసివేయను. తినుటకు కాక వేడుకకు ప్రాణము తీయుట తప్పే. కాని పట్టుట నేర్పువాడే విడుచుట నేర్పగలడు. జెల్లచేపను చూడుడు. సముద్రపు జెల్లలలో మగచేప గోళీలంతేసి గ్రుడ్లను తన నోట నుంచుకొని, పిల్లలు వెలువడువఱకు వారములకొలది మేత లేక మోయును. అట్టిదాని నోరు నిండుగా నున్నట్లు చూచిన బాలుడు దానిని నీటవిడువకుండునా? పండుగప్ప మొదట మగదై యుండి, కొన్ని సంవత్సరములు పెరిగిన పిమ్మట ఆడదిగా మాఱును. కావున మిక్కిలి పెద్దవి యించుమించుగా నన్నియు తల్లులే. ఒక్కొక్క పెద్దతల్లి లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. చిన్నవానిని విడువుమని చెప్పుట సులభము. మిక్కిలి పెద్దదానినిగూడ ఏల విడువవలయునో చెప్పగలిగినప్పుడే అది విద్య. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము కలదు. ఒడ్డుననుండి వేయు గాలమునకు అది వర్తింపదు. అయినను జాలరులు వేట మానుకొని ఇంట కూర్చుండిన కాలమున మనము వేడుకకు గాలము వేయుట మర్యాద కాదని నా తలంపు.

దారమును గుఱించియు ఒక మాట. పూర్వము నూలుదారమును జనపనారయు నుండెడివి, తెగినచో కుళ్ళిపోవుచుండెను. నైలాను కుళ్ళదు. రాళ్ళసందున తెగి చిక్కుకొన్న దారము పక్షికాలికిని పీతకును ఉరియగును. చలికాలపు చివర రాత్రులయందు గ్రుడ్లు పెట్టుటకు మన యిసుకకు వచ్చు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకును అది యపాయకరము. తెచ్చినంత దారమును తిరిగి తీసికొనిపోవుట మన మొదటి నియమము కావలయును.

మూడవ ఆక్షేపణయే బలమైనది: ఎంత నేర్పినను అపాయము పోదుగదా యని. నిజమే, పోదు. యారాడవంటి తీరములలో మునిగిపోయినవారి వార్తలను ఏటేట పత్రికలలో చదువుచున్నాము. 1653వ సంవత్సరమున ఐజాక్ వాల్టన్ ఆంగ్లమున గాలపువేటను గుఱించి వ్రాసిన గ్రంథము మొదలుకొని, గాలము ఓర్పును నేర్పునని చెప్పుట వాడుక. ఆయన కూర్చుండినది నదుల యొడ్డున. మన రాళ్ళయొద్ద ఓర్పొక్కటియే చాలదు, భయభక్తులును కావలయును. ఆ భయము సభలో చేతులెత్తుటవలన రాదు. సముద్రము నెఱిగినవారి ప్రక్క కూర్చుండుటవలన వచ్చును. పట్టణపు బాలురు మువ్వురును భయపడలేదు, ఏలయన వారికి తెలియదు. జాలరి పిల్లవాడు భయపడెను, ఏలయన వానికి తెలియును. వాని భయమే తోటివానిని కాపాడినది.

కావున జూన్ మాసపు సభయందు నేను ఈ తీర్మానమును ప్రతిపాదింపబోవుచున్నాను. జనవరి మొదలు మార్చి వఱకు నెల కొక శనివారము, తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అనుమతితో, ఇద్దఱు ఉపాధ్యాయులతోను ఇద్దఱు అనుభవజ్ఞులైన జాలరులతోను ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలబాలికలను తీరమునకు తీసికొనిపోవలయును. నైరృతి ఋతుపవనపు మాసములలోను, తుపానులు వచ్చు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకును రాళ్ళవైపునకే పోరాదు; 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను మన పట్టణమున చేసిన నాశనమును చూచినవారికి దీనిని వివరింప నక్కఱలేదు. హైదరాబాదునందు 1999లో నెలకొల్పబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము ప్రకటించు అలల హెచ్చరికలను ముందురోజున బాలురే చూచి నల్లబల్లమీద వ్రాయవలయును. హెచ్చరిక యున్న దినమున ప్రయాణము మానుకొనవలయును. రెండు పొడవైన త్రాళ్ళును, తేలు డబ్బాలును పాఠశాల కొనవలయును. జెల్లముల్లు గ్రుచ్చుకొన్నచో గాయమును ఓర్చుకొనగలిగినంత వేడినీట అర్ధగంటకు తక్కువ గాకుండ నుంచి, వైద్యునియొద్దకు కొనిపోవుట మొదలైన ప్రథమచికిత్సలను ముందుగా నేర్పవలయును. వచ్చిన జాలరిపెద్దలకు సంగీతోపాధ్యాయునికి ఇచ్చునట్లే గౌరవవేతనమీయవలయును. చివరి నియమము మాకొఱకు: ఒకరి యింటివృత్తిని నిందగా పలికిన యుపాధ్యాయుడు తరగతి యెదుటనే క్షమాపణ చెప్పవలయును. నేను ఫిబ్రవరి మాసమున చెప్పితిని.

ఆ దినమున తరగతి ముగిసిన పిమ్మట ఆ బాలుని పిలిచి, తీర్మానము నెగ్గినచో మొదటి పాఠము నీవే చెప్పవలయునంటిని. "నాకు రాయడం సరిగా రాదు గదండి మాస్టారూ" అనెను. వ్రాయుట నేను చూచుకొందును, చెప్పుట నీవు చూచుకొమ్మంటిని. వాడు కొంతసేపు ఆలోచించెను. పాఠమును ఎక్కడ మొదలుపెట్టెదవని నేనడుగగా, "ముందు అందరూ కూకోవాలండి" అనెను.

తల్లిదండ్రులును మిషను పెద్దలును ఈ విషయమున తమ యభిప్రాయములను, అవి నా యభిప్రాయమునకు వ్యతిరేకములైనను, జూన్ సభకు ముందుగా ప్రధానోపాధ్యాయులవారికి వ్రాసి పంపవలయునని సవినయముగా ప్రార్థించుచున్నాను.